లాగొద్దు, కట్టెయ్యొద్దు

అమ్మీ, నీ చేతికి ఎవరూ మందు పెట్టలేదు, ఎవరి దిష్టీ తగల్లేదు. నిమ్మకాయలు తిప్పిపోయడం మీ అత్తగారి తృప్తి కోసమైతే తిప్పిపొయ్యనీ, నష్టం లేదు. దాంతో సరిపెట్టుకుని కూర్చుంటేనే నష్టం.

మీ అమ్మ ఫోన్లో చెప్పిన గుర్తులన్నీ ఒక కాగితం మీద రాసుకున్నాను. కళ్ళంలో మిరపకాయలు ఆరబోసే రోజుల్లో ఎడమ భుజంలో సన్నగా సలుపు మొదలైంది. ఉగాది నాటికి జడ వేసుకోవడానికి చెయ్యి లేవలేదు. ఇప్పుడు ఏరువాక పున్నమి దాటింది. రవిక వెనక హుక్కు అందదు, రాత్రి ఆ పక్కకు ఒత్తిగిలితే ఉలిక్కిపడి లేస్తున్నావు. పడింది లేదు, దెబ్బ తగిలింది లేదు. వయసు 48. నర్సు ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఇదే కథను వేరువేరు నోళ్ళ నుంచి వింటూనే ఉన్నాను. చెప్పేవాళ్ళలో ఎక్కువమంది నలభైకీ అరవైకీ మధ్య వాళ్ళు, అందులోనూ ఆడవాళ్ళు ఎక్కువ. దీన్ని ఫ్రోజెన్ షోల్డర్ అంటారు. డాక్టరు చీటీ మీద పెరి ఆర్థ్రైటిస్ అని రాసినా కంగారు పడకు, చాలావరకు దీన్నే అట్లా రాస్తారు. అయితే నేను ఫోన్లో విని తేల్చేస్తే సరిపోదు, చెయ్యి పట్టి చూసేవాళ్ళు చూడాలి. ఆ సంగతికి తర్వాత వస్తాను.

ముందు లోపల ఏమవుతోందో తెలుసుకో. తెలిస్తే సగం భయం పోతుంది. భుజం కీలు చుట్టూ ఒక సంచి ఉంటుంది. నీకు కుట్టుపని వచ్చు గనక ఇట్లా చెబుతాను: రవికకు చంక దగ్గర గుడ్డ వదులు పెట్టకపోతే ఏమవుతుంది? చెయ్యి ఎత్తబోతే పట్టేస్తుంది. కీలు సంచికి కూడా చంక వైపు అట్లాంటి వదులు మడత ఒకటి ఉంది, చెయ్యి లేచేటప్పుడు అది విచ్చుకోవాలి. ఈ జబ్బులో ముందు ఆ సంచికి వాపొస్తుంది. తర్వాత అది దళసరెక్కి, ముడుచుకుపోయి, ఆ మడత విచ్చుకోదు. మామూలు భుజంలో పట్టే ద్రవంలో సగం కూడా పట్టనంతగా కీలు ఇరుకైపోతుంది. పది పన్నెండు మిల్లీలీటర్లు పట్టడమే కష్టం. ఎముక అరగలేదు, నరం తెగలేదు. అందుకే ఎక్స్‌రే తీస్తే బాగానే ఉంటుంది.

ఎక్స్‌రే బాగుందనే మాటే మన ఇళ్ళల్లో ఆడదాని ప్రాణానికొచ్చేది. కట్టు లేదు, వాపు పైకి కనబడదు, ఫోటోలో ఏమీ లేదు. "పని తప్పించుకోవడానికి నాటకం" అని ఒక్కరైనా అంటారు. నీతో ఎవరన్నా అన్నారో లేదో నాకు తెలియదు గానీ, అన్నా అనకున్నా మీ ఆయనను కూర్చోబెట్టి ఈ పరీక్ష చేసి చూపించు. మోచెయ్యి నడుముకు ఆనించి, ముంజెయ్యి ముందుకు చాపి, దాన్ని బయటి వైపుకు తిప్పు. కుడిది ఎంత తిరిగిందో, ఎడమది ఎక్కడ ఆగిందో చూడమను. ఇప్పుడు ఆయన్నే మెల్లగా తిప్పి చూడమను. నువ్వు తిప్పినా ఆగుతుంది, ఆయన తిప్పినా అక్కడే ఆగుతుంది. భుజంలో కండరం తెగినవాళ్ళకు అట్లా కాదు, వాళ్ళు సొంతంగా ఎత్తలేకపోయినా పక్కవాళ్ళు ఎత్తితే చాలావరకు వస్తుంది. డాక్టరు మొదట చూసేదీ ఇదే. నటించేవాళ్ళు ఇంత ఖచ్చితంగా ఒకేచోట ఆపలేరని అల్లుడికి నా మాటగా చెప్పు.

ఇక అసలు సంగతి. భుజం చూపించుకోక ముందే రక్తంలో షుగరు చూపించుకో. నేను ఇంత గట్టిగా ఎందుకంటున్నానంటే, మామూలు జనంలో నూటికి ఇద్దరి నుంచి ఐదుగురికి వచ్చే ఈ జబ్బు, షుగరున్నవాళ్ళలో నూటికి పది నుంచి ఇరవైమందికి వస్తుంది. వాళ్ళకు బిగుసుకోవడం ఎక్కువ, తగ్గడానికి పట్టే కాలమూ ఎక్కువ. కొందరికి తమకు షుగరుందని భుజం పట్టేసిన తర్వాతే తెలుస్తుంది. దేశం మొత్తం మీద ఐసీఎంఆర్ వాళ్ళు చేసిన పెద్ద సర్వే లెక్కలు 2023లో వచ్చాయి: పెద్దవాళ్ళలో నూటికి 11.4 మందికి షుగరు, అంటే పది కోట్ల పైచిలుకు. ఇంకో 13.6 కోట్ల మంది దాని గడప దగ్గర ఉన్నారు. మీ నాయనకు ఉండింది, మీ మేనత్తకు ఉంది. నువ్వు మాత్రం ఇంతవరకు ఒక్కసారి చూపించుకోలేదని మీ అమ్మ చెప్పింది. 30 దాటినవాళ్ళకు సర్కారు ఆసుపత్రిలో ఈ పరీక్ష చేస్తారు, మన ఊళ్ళో ఆశా కార్యకర్తను అడిగితే చెబుతుంది. పరగడుపున 126 గానీ, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 6.5 గానీ ఉన్నా, దాటినా షుగరున్నట్టే, మళ్ళీ ఒకసారి చేసి ఖాయం చేస్తారు. ఆ రక్తంలోనే థైరాయిడ్ కూడా చూడమను. దానికీ భుజానికీ చుట్టరికం ఉంది.

దీని నడకలో మూడు దశలు. మొదటి దశలో నొప్పి రాజ్యం చేస్తుంది, చెయ్యి రోజురోజుకూ బిగుస్తుంది. ఇది కొన్ని నెలలు, తొమ్మిది దాకా కూడా పోవచ్చు. నువ్విప్పుడు అందులోనే ఉన్నావు. రెండోదాంట్లో నొప్పి నెమ్మదిస్తుంది గానీ చెయ్యి రాదు. నాలుగు నెలల నుంచి ఏడాది దాకా అదే తంతు. మూడోదాంట్లో ఒక్కొక్క వేలెడు చొప్పున కదలిక తిరిగి వస్తుంది, దానికి ఆరు నెలలు పట్టొచ్చు, రెండేళ్ళు పట్టొచ్చు. అంటే వచ్చే దసరాకు మీ ఇంటి పండగ వంటంతా నువ్వే చేస్తావని ఇప్పుడే మాట ఇవ్వొద్దు. ఆ పై దసరాకు చూద్దాం. చివరికి కొందరికి కొంచెం బిగువు మిగిలిపోతుంది గానీ, పనులకు అడ్డం రానంతగా ఎక్కువమందికి తగ్గుతుంది. నాకు రెండు భుజాలూ పట్టాయి, ఒకటి తగ్గిన కొన్నేళ్ళకు రెండోది. పట్టి వదిలిన భుజానికే తిరగబెట్టడం అరుదు.

ఇంత కాలమా అని నువ్వు నీరుగారిపోతావని తెలుసు. అక్కడే మన జనం రెండు తప్పుదార్లు పడతారు. ఒకటి, ఎవరో భుజం పట్టి ఒక్క లాగు లాగితే కీలు విడిపోతుందని నమ్మడం. ఆలూరు వైపు ఒకాయన ఉన్నాడు, ఆదోని దగ్గర ఇంకొకాయన ఉన్నాడు అంటూ బండెక్కించేవాళ్ళు నీ చుట్టూ తప్పకుండా ఉంటారు. వాపు మీదున్న సంచిని లాగితే వాపు ఇంకా రేగుతుంది. షుగరున్నవాళ్ళ, ముట్లుడిగినవాళ్ళ ఎముక బలహీనంగా ఉంటే విరగనూ విరుగుతుంది. రెండోది, కదిలిస్తేనే గదా నొప్పి అని చేతిని మెడకు గుడ్డతో వేలాడదీసి, పసుపూ మైనమూ పట్టించి, నెల రోజులు కట్టేసి పెట్టడం. ఎముక విరిగితే కట్టు కావాలి. ఇక్కడ విరిగింది లేదు. కట్టేసిన కీలు ఇంకా గట్టిపడుతుంది. చెయ్యి విరిగి కట్టులో పెట్టినవాళ్ళకు, పక్షవాతం వచ్చి చెయ్యి ఆడనివాళ్ళకు, రొమ్ము ఆపరేషనో గుండె ఆపరేషనో అయి చెయ్యి కదపడానికి భయపడేవాళ్ళకు ఈ భుజం జబ్బు ఎందుకొస్తుందంటావు? కదలిక ఆగినందుకే.

నా మాట మీద నమ్మకం లేకపోతే హాలెండు డాక్టర్లు చేసి చూపించిన సంగతి చెబుతాను. 2004లో అచ్చయింది. 77 మందిని రెండేళ్ళు చూశారు. కొందరితో నొప్పిని దాటి గట్టిగా సాగదీసే వ్యాయామం చేయించారు. మిగతావాళ్ళకు నొప్పి ఒప్పుకున్నంత మేరకే కదిలించుకోమని చెప్పి, ధైర్యం చెప్పి, కనిపెట్టుకుని ఉన్నారు. మెల్లగా చేసినవాళ్ళలో నూటికి 89 మంది దాదాపు మామూలు మనుషులయ్యారు. బలవంతం చేసినవాళ్ళలో 63 మందే. పళ్ళు బిగబట్టి చేస్తే త్వరగా తగ్గుతుందనుకునే మొండిదానివి నువ్వు. అందుకే ఈ లెక్క నీకు చెబుతున్నాను.

ఇప్పుడు నీ దశకు పనికొచ్చేది చెబుతా. బోస్టన్‌లో కాడ్‌మన్ అనే సర్జను ఉండేవాడు, 1934లో భుజం మీద పెద్ద పుస్తకమే రాశాడు. ఆయన పేరు మీద ఉన్న కసరత్తు ఇప్పటికీ ప్రతి ఆసుపత్రిలో నేర్పిస్తారు. కుడి చెయ్యి మంచం పట్టె మీదో బల్ల మీదో ఆనించి, నడుము వంచి, ఎడమ చేతిని కిందికి వదిలెయ్. భుజంతో ఊపకు, ఒళ్ళు ముందుకూ వెనక్కూ కదిపితే చెయ్యి దానంతటదే ఊగుతుంది. ముందుకూ వెనక్కూ, పక్కలకూ, చిన్న సున్నాలు చుట్టినట్టూ. రెండు మూడు నిమిషాలు చాలు, రోజుకు నాలుగైదుసార్లు. ఒకేసారి గంటసేపు చేసి పుణ్యం మూటగట్టుకున్నాననుకోకు. వేణ్ణీళ్ళ స్నానం తర్వాతో, ఉప్పుమూట కాపడం పావుగంట పెట్టుకున్న తర్వాతో చేస్తే ఇంకా సుళువు. షుగరు తేలితే మాత్రం కాపడం వేడి ముందు కుడి చేత్తో చూసుకో. స్పర్శ మందగించిన చోట కాలినా తెలియదు.

అది అలవాటయ్యాక బల్ల మీద తడిగుడ్డ పరిచి, రెండు చేతులూ దాని మీద పెట్టి, బల్ల తుడిచినట్టు ముందుకు జరుపుతూ పో. ఆగిన చోట ఆగు, ఊపిరి వదులు, వెనక్కు రా. మూడోది పడుకుని చెయ్యాలి. ఒక జొన్నదంటు తీసుకుని రెండు చేతులతో పట్టుకో, మోచేతులు పక్కలకు ఆనాలి. కుడి చేత్తో దంటును తోస్తే ఎడమ ముంజెయ్యి బయటికి తిరుగుతుంది. ముందుగా పోయే కదలిక ఇదే, అన్నిటికంటే మొండిగా వెనక్కొచ్చేదీ ఇదే. గోడ మీద వేళ్ళతో ఎగబాకడం, తువాలు వీపు వెనక పట్టుకుని పైకి లాగడం అందరూ చూపించే కసరత్తులే గానీ, అవి నొప్పి నెమ్మదించాక, రెండో దశలోకి వచ్చాక. నీ కొలత ఇది: చేసేటప్పుడు కొంచెం పట్టినట్టుండాలి, కాసేపటికి ఆ నొప్పి సద్దుమణగాలి. ఆ రాత్రి మామూలు కంటే ఎక్కువ సలిపితే పొద్దున చేసింది ఎక్కువైందని అర్థం. మరుసటి రోజు తగ్గించు, మానెయ్యకు.

రాత్రిళ్ళు నిద్రలేకపోవడమే మనిషిని కుంగదీసేది. వెల్లకిలా పడుకుని ఎడమ మోచెయ్యి కింద దిండొకటి పెట్టు, భుజం వెనక్కు వేలాడకూడదు. కుడి పక్కకు తిరిగితే ఎదురుగా ఇంకో దిండు పెట్టుకుని దాని మీద ఎడమ చెయ్యి వెయ్యి. రవిక తొడిగేటప్పుడు నొప్పి చెయ్యి ముందు దూర్చు, విప్పేటప్పుడు అది చివర. హుక్కులు ముందరికి మార్చి కుట్టుకో, నీ మిషనే గదా. జడ నీ కూతురితో వేయించుకో, ఆ పిల్లకు తల్లి తల దువ్వడం శిక్ష కాదు.

పనులన్నీ మానమని నేను అనను. జొన్నరొట్టె తట్టు, మోచెయ్యి ఒంటికి దగ్గరే ఉంటుంది గనక అది చేటు చెయ్యదు, నొప్పి అనిపిస్తే నాలుగింటి దగ్గర ఆపు. కూర్చుని మిరపకాయల తొడిమలు తీయొచ్చు. బండ మీద బట్టలు బాదడం, బిందె చంకనెత్తుకోవడం, వడ్ల బస్తా జరపడం, అటక మీది గిన్నె కోసం ఎగబాకడం మాత్రం వద్దు. బస్సులో పై కడ్డీ కుడి చేత్తోనే పట్టుకో. హఠాత్తుగా బ్రేకు పడితే వచ్చే ఆ ఒక్క కుదుపు మూడు వారాల సాధనను పాడుచేస్తుంది.

మాత్రల సంగతి. నొప్పి మాత్రలు మందుల షాపులో అడిగి నెలల తరబడి మింగేవాళ్ళను చూశాను. తర్వాత కిడ్నీల కోసం, కడుపులో పుండు కోసం తిరిగేవాళ్ళు. డాక్టరు చెప్పిన మాత్ర, చెప్పినన్ని రోజులు. కీలులోకి వేసే స్టెరాయిడ్ సూది గురించి మన వైపు ఒక భయం ఉంది, వేస్తే చెయ్యి పడిపోతుందని. చేతనైనవాళ్ళు వేస్తే, నొప్పి ఎక్కువగా ఉన్న మొదటి నెలల్లో అది మంచి ఉపశమనమే ఇస్తుంది. నిద్ర పడుతుంది, కసరత్తు చెయ్యగలవు. ఆ మేలు కొన్ని వారాలే, జబ్బును అది మాయం చెయ్యదు. షుగరుంటే సూది తర్వాత కొన్ని రోజులు అది పైకెక్కుతుంది, రోజూ చూసుకోవాలి. సూది పొడవకముందే నీకు షుగరుందని నోరు తెరిచి చెప్పాలి, వాళ్ళు అడుగుతారులే అని ఊరుకోకూడదు.

ఆపరేషను మాట ఎవరైనా ఇప్పుడే ఎత్తితే తొందరపడకు. మత్తిచ్చి చెయ్యి తిప్పడం ఉంది, చిన్న రంధ్రం వేసి సంచిని విడదీయడం ఉంది. నెలల తరబడి అన్నీ చేసినా చెయ్యి రానివాళ్ళకు అవి అక్కరకొస్తాయి. బ్రిటన్‌లో 35 ఆసుపత్రుల్లో 503 మందిని చూసి 2020లో లాన్సెట్ పత్రికలో వేశారు: మత్తిచ్చి తిప్పడం, రంధ్రపు ఆపరేషను, సూదితో పాటు పద్ధతిగా చేయించిన ఫిజియోథెరపీ, ఈ మూడిటిలో ఏదీ ఏడాది తర్వాత మిగతా రెండిటి కంటే చెప్పుకోదగ్గంత మేలుగా తేలలేదు. ఖర్చు తక్కువదీ, కోత లేనిదీ ముందు చేసి చూడడమే తెలివని నాకు అనిపిస్తుంది.

కొన్ని గుర్తులకు మాత్రం నా మాటలన్నీ పక్కన పెట్టి పరుగెత్తాలి. ఎడమ భుజం నొప్పితో పాటు గుండెల మీద బరువు, చెమటలు, ఆయాసం, దవడకు పాకే నొప్పి వస్తే అది భుజం జబ్బు అనుకుని కాపడం పెట్టుకుంటూ కూర్చోవద్దు, 108 పిలవాలి. జ్వరంతో భుజం ఎర్రబడి వాచినా, పడిన తర్వాత చెయ్యి లేవకపోయినా, చెయ్యి తిమ్మిరెక్కి పట్టు సడలిపోయినా, కారణం లేకుండా ఒళ్ళు తగ్గిపోతున్నా ఇంటి వైద్యం వద్దు.

ఇక చూపించుకోవడం. మన ఊరు మోక నుంచి బళ్ళారి ఎంత దూరమని. 1961లో మెడికల్ కాలేజీగా మొదలైన మన సర్కారు పెద్దాసుపత్రి, విమ్స్ అంటే ఎవరైనా చెబుతారు. ఎముకల డాక్టర్లున్న చోటు. కన్నడం సరిగ్గా రాదని జంకకు, బళ్ళారిలో తెలుగు చెల్లుతుంది. 2023 జూన్ నుంచి కర్ణాటక ఆడవాళ్ళకు సర్కారు మామూలు బస్సుల్లో టికెట్టు డబ్బు లేదు గనక ఛార్జీ కోసం ఎవరినీ అడిగే పనీ లేదు.

సోమవారం పొద్దున మొదటి బస్సుకు రా, నేనూ వస్తాను. ఆధార్ కార్డు మర్చిపోకు. రక్తం తీసేదాకా కాఫీ కూడా తాగొద్దు, టిఫిను డబ్బాలో కట్టుకుని తెచ్చుకో. భుజం చూడాలి గనక వదులు చేతుల రవిక వేసుకో. ఏ నెలలో మొదలైంది, రాత్రి నొప్పి ఎట్లా ఉంది, ఏ మాత్రలు మింగావు, ఇంట్లో ఎవరెవరికి షుగరు, ఇవన్నీ ఒక చీటీ మీద రాసి పెట్టుకో. అక్కడ జనం మధ్య నిలబడితే సగం మర్చిపోతాం. మీ అత్తగారు వస్తానంటే ఆమెనూ తీసుకురా. ఆమెకూ 60 దాటింది, షుగరు ఎప్పుడు చూపించుకుందో అడుగు.